కొండకు కార్తికం, కడలికి సంక్రాంతి

వెచ్చని దేశంలో విహారం అనగానే నేటి తెలుగు యువదంపతుల మనసులో మెదిలే పేర్లు మాల్దీవులు, బాలి, ఫుకెట్, అండమాన్. పెళ్లైన కొత్తలోనో, పిల్లలు కాస్త చేతికి అందివచ్చాకనో, తమ ఈడు స్నేహితుల్లో మరో రెండు మూడు జంటలను కూడగట్టుకొని, కొండ ఎక్కి, పడవ ఎక్కి, సముద్రంలో మునిగి, నాలుగు రోజులు హాయిగా గడిపి రావాలని కోరుకోవడం ఎంతో సహజం, ఎంతో ఆరోగ్యకరం కూడా. అయితే అటువంటి విహారానికి కావలసిన కొండ, నది, లంక, మడ అడవి, సముద్రం అన్నీ కొండపల్లి మొదలుకొని హంసలదీవి వరకు, కారులో ఒక పూట ప్రయాణంలోనే, కృష్ణా తీరం వెంబడి అమరి ఉన్నాయి. వాటిని ఏ కాలంలో చూడాలి, ఏ వేళలో చూడాలి అన్నది తెలిస్తేనే అవి ఆనందాన్నిస్తాయి. తెలియకపోతే అవే ప్రమాదాలవుతాయి. ఆ కాలజ్ఞానమే ఈ ప్రసంగానికి విషయం. శ్రోతలకు గుర్తుండేలా దానిని ఒక్క మాటలో చెప్పాలంటే, కొండకు కార్తికం, కడలికి సంక్రాంతి.

ముందుగా ఈ నేల ఎటువంటిదో చూడాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన కర్కటరేఖ వరకు, దక్షిణాన మకరరేఖ వరకు వ్యాపించిన భాగాన్ని భూగోళ శాస్త్రజ్ఞులు ఉష్ణమండలం అంటారు. సూర్యుడు సంవత్సరంలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వచ్చే ప్రాంతమన్న మాట. దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న కొండపల్లికి, విజయవాడకు సూర్యుడు ఒకసారి మే నెల మొదటి వారంలో, మరోసారి ఆగస్టు మొదటి వారంలో నడినెత్తిన నిలుస్తాడు. ఆగస్టులో రుతుపవన మేఘాలు అడ్డుపడి కాపాడతాయి గనుక ఆ సంగతి ఎవరికీ పట్టదు. మే నెలలో మేఘం ఉండదు. అందుకే పగటి వేడి 40 డిగ్రీలు దాటడం, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అనడం. బడులకు సెలవులు వచ్చేది సరిగ్గా అప్పుడే కావడంతో, కుటుంబాలు, స్నేహబృందాలు కొండకైనా తీరానికైనా బయలుదేరేది కూడా ఎక్కువగా అప్పుడే. ఆరుబయట విహారానికి ఈ ప్రాంతంలో అంతకన్నా తగని కాలం మరొకటి లేదు.

సముద్రానికి దగ్గరైన కొద్దీ ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధిస్తుంది. శరీరం తన వేడిని చెమట ద్వారా వదిలించుకుంటుంది. ఆ చెమట ఆవిరైనప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆ స్థితిలో కొండ ఎక్కినా, ఇసుకలో ఆటలాడినా లోపలి వేడి పెరిగిపోయి, మాట తడబడి, మనిషి సొమ్మసిల్లే వడదెబ్బకు దారి తీస్తుంది. అటువంటప్పుడు నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసిరి, 108కి కబురు చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయరాదు. విహారానికి వెళ్లే బృందంలో కనీసం ఇద్దరికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఈ నేల స్వభావం ఎరిగిన పూర్వులు ఆరుబయటి వేడుకను కార్తికంలో పెట్టుకున్నారు. వానలు వెనకబట్టి, నేల ఇంకా పచ్చగా ఉండి, ఎండ మెత్తబడే ఆ మాసంలో ఉసిరిచెట్టు కింద వండుకొని తినే వనభోజనం మతాచారమే అయినా, దాని వెనుక వాతావరణ జ్ఞానం కూడా ఉంది. తోటలో చెట్టు నీడన పులిహోర, దద్దోజనం, గోంగూర పచ్చడి విస్తళ్లలో వడ్డించుకొని, ఇరుగుపొరుగులు, స్నేహితులు, ఒకే కార్యాలయంలో పనిచేసేవారు కలిసి కూర్చునే ఈ వేడుకను తెలుగువారి తొలి స్నేహవిహారంగా భావించవచ్చు. ఉమ్మడి కుటుంబాల కాలంలో భార్యాభర్తలు నలుగురి ఎదుట పక్కపక్కన నడిచి, కబుర్లు చెప్పుకోగలిగిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

అయితే ఆ వేడుకలో ఒక లోపం ఉండేది, నేటికీ చాలాచోట్ల ఉంది. పురుషులు పేకాటకో, మాటలకో కూర్చుంటే స్త్రీలు పొయ్యి దగ్గర కూర్చునేవారు. ఇంట్లో వంటగదిని తోటలోకి మార్చినంత మాత్రాన అది వారికి విహారం కాదు. జంటలుగా వెళ్లే నేటి స్నేహబృందాలు ముందుగా సరిచేసుకోవలసినది ఇదే. వంట అందరూ పంచుకోవాలి, లేదా వండినది కొని తీసుకువెళ్లాలి. కొండ ఎక్కేటప్పుడు ఎవరూ కింద సామానుకు కాపలాగా మిగిలిపోకూడదు.

ఇక కొండపల్లి సంగతి. విజయవాడకు వాయవ్యంగా, ఇబ్రహీంపట్నాన్ని ఆనుకొని, నేటి ఎన్‌టీఆర్ జిల్లాలో ఉన్న ఈ ఊరికి కాజీపేట రైలుమార్గంలో స్టేషను కూడా ఉంది. ఊరి వెనుక కొండ మీద ఉన్న కోటను స్థానికులు ఖిల్లా అంటారు. ఇది గిరిదుర్గం, అంటే కొండ ఎత్తునే తొలి రక్షణగా చేసుకొని కట్టిన కోట. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల నాటి నుంచి గజపతుల చేతికి, వారి నుంచి శ్రీకృష్ణదేవరాయల చేతికి, తరువాత గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి, చివరికి ఆంగ్లేయుల చేతికి మారిన ఈ కోటలో నేటికీ బురుజులు, దర్వాజాలు, కోనేరు, అంతస్తుల రాతిమహలు కనిపిస్తాయి. వాహనాలు వెళ్లే ఘాట్ రోడ్డు ఉన్నా, స్నేహితులతో వచ్చిన జంటకు అసలైన ఆనందం ఊరి వైపు నుంచి మెట్లదారిన నడిచి ఎక్కడంలోనే ఉంటుంది. తెల్లవారుతూనే బయలుదేరితే ఎండ ముదరక ముందే సగం దారి సాగిపోతుంది. పైకి చేరాక చల్లగాలి తగులుతుంది. దక్షిణాన కృష్ణ వెండిగీతలా మెరుస్తూ కనిపిస్తుంది, ఇవతల తాపవిద్యుత్ కేంద్రం పొగగొట్టాలు నిలబడి ఉంటాయి.

వేళ విషయంలో ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కొండరాయి పగలంతా తాగిన వేడిని సూర్యాస్తమయం తరువాత కూడా చాలాసేపు వదులుతూనే ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గింది గదా అని నాలుగు గంటలకు ఎక్కడం మొదలుపెట్టినవారికి పైన ఎండ ఉండదు గాని రాతి సెగ తప్పదు, దిగేలోగా చీకటి కూడా పడుతుంది. చుట్టూ ఉన్నది రిజర్వు అడవి. కనుక కొండకు ఉదయమే తగిన వేళ. మరొకసారి చెప్పవలసి వస్తే, కొండకు కార్తికం, అందులోనూ ఉదయం.

ఈ అడవిని గురించి ఒక్క నిమిషం ఆగి చెప్పుకోవాలి. కొండపల్లి బొమ్మ పుట్టినది ఈ అడవిలోని తెల్లపొణికి చెట్టు నుంచే. తేలికగా, మెత్తగా ఉండే ఆ కొయ్యను కోసి, సన్నని సెగ మీద తేమ పోయేదాకా కాచి, తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి తయారుచేసే మక్కు అనే ముద్దతో వాటిని అతికిస్తారు. ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు, దశావతారాలు ఆ విధంగానే రూపుదిద్దుకుంటాయి. ఆ చెట్టు ఇప్పుడు అరుదైపోయింది. ఖిల్లా చూసి దిగిన జంట, బొమ్మల కాలనీలో ఒక పూట కూర్చొని, ఒక్క బొమ్మ ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా చూడడం, పది చోట్ల ఫోటోలు దిగడం కన్నా ఎక్కువ విహారం. దగ్గరలోని మూలపాడులో, అదే కొండల అడవిలో, అటవీశాఖ ఏర్పాటుచేసిన సీతాకోకచిలుకల ఉద్యానం ఉంది. వానలు తగ్గిన తరువాతి వారాలు దానికీ మంచి కాలమే.

కొండ దిగితే నది. విజయవాడ దగ్గర 19వ శతాబ్దం నడుమ కట్టిన ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని వెనుక నిలిచిన నీటిలోనే సుమారు 130 ఎకరాల భవానీ ద్వీపం ఉంది. ఎగువన ఇబ్రహీంపట్నం దగ్గర, పోలవరం కుడికాలువ గుండా వచ్చే గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం ఉంది. పడవ షికారు మీద తెలుగువారికి మోజు ఎక్కువ. ‘అందాల రాముడు’, ‘గోదావరి’ వంటి చలనచిత్రాలు లాంచీ ప్రయాణాన్ని ప్రణయానికి, స్నేహానికి పర్యాయపదంగా నిలబెట్టాయి. నిలిచిన నీరు చూడడానికి చెరువులా ప్రశాంతంగా ఉంటుంది. కాని అది నది. అడుగున లోతు ఉంటుంది, ప్రవాహం ఉంటుంది.

2017 నవంబరు 12న, కార్తిక మాసపు ఆదివారం సాయంత్రం, ఆ నీటిలోనే ఒక పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద తిరగబడి ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చిన స్నేహబృందానికి చెందినవారు. రోజూ కలిసి ఉదయపు నడకకు వెళ్లేవారు, కుటుంబాలతో కలిసి కార్తిక విహారానికి వచ్చారు. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కవలసిన వారికన్నా ఎక్కువమంది ఎక్కారు. తగినన్ని లైఫ్ జాకెట్లు లేవు. మరి రెండేళ్లు గడవక ముందే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడబోతున్న పడవ వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఈ రెండు సంఘటనలను ఇక్కడ తలచుకోవడం శ్రోతలను భయపెట్టడానికి కాదు. వెళ్లినవారంతా ఈ ప్రసంగం వింటున్నవారి వంటి మామూలు మనుషులు, దంపతులు, స్నేహితులు. వారు చేసిన తప్పేమీ లేదు, పడవవారిని నమ్మారు.

లైఫ్ జాకెట్ అంటే నీటిలో మనిషిని తేల్చి ఉంచే కవచం. డెల్టా పల్లెల్లో పిల్లలు కాలువ ఈత నేర్చేటప్పుడు వీపుకు కట్టుకునే ఎండు సొరకాయ బుర్ర చేసే పనినే ఇది చేస్తుంది. నీటికన్నా తేలికైన పదార్థం ఒంటిని అంటిపెట్టుకొని ఉండడం వల్ల తల నీటిపైన నిలుస్తుంది. ఒంటిని అంటిపెట్టుకొని ఉండడం అన్నదే ఇందులో ప్రాణం. ఒడిలో పెట్టుకున్నది, సీటు కింద తోసినది, ఫోటో కోసం విప్పి పక్కన వేసినది పనికిరాదు. నడుము వద్ద, రొమ్ము వద్ద పట్టీలు బిగించి ఉండాలి. కుచ్చిళ్ల చీర నీటిలో కాళ్లకు చుట్టుకుంటుంది గనుక పడవ షికారుకు చుడీదారు వంటి దుస్తులు మేలు. నిజానికి కాలువల మధ్య పుట్టి పెరిగే డెల్టాలో మగపిల్లలకు ఈత వస్తుంది, ఆడపిల్లలకు చాలామందికి రాదు, ఎందుకంటే ఎవరూ నేర్పరు. ఇది మారవలసిన అలవాటు. జంటలో ఇద్దరికీ ఈత రావాలి.

ఇక కరకట్ట దారి. కరకట్ట అంటే వరదనీరు ఊళ్ల మీద పడకుండా నది ఒడ్డున పోసిన ఎత్తైన మట్టికట్ట. విజయవాడ నుంచి కృష్ణ ఎడమ ఒడ్డున అవనిగడ్డ వైపు సాగే ఈ కట్ట మీద, ఒక పక్క నది, మరో పక్క అరటి, పసుపు, వరి చేలు చూస్తూ చేసే ప్రయాణం గమ్యం కన్నా తక్కువదేమీ కాదు. శీతకాలంలో అయితే దారి పొడవునా తేగలు, కొబ్బరి బొండాలు దొరుకుతాయి. అవనిగడ్డ, కోడూరు దాటితే హంసలదీవి. అక్కడ వేణుగోపాలస్వామి ఆలయం, ఆపైన పాలకాయతిప్ప తీరం, కృష్ణ బంగాళాఖాతంలో కలిసే సాగర సంగమం ఉన్నాయి. నాగాయలంక వైపు వెళితే, అటవీశాఖ అనుమతితో పడవలో మడ అడవిని చూడవచ్చు. ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్టుకు నేలలో గాలి అందదు కనుక, దాని వేర్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకువచ్చి గాలి పీల్చుకుంటాయి. వాటిని శ్వాసవేర్లు అంటారు. చేపలను వేటాడి బతికే బావురుపిల్లికి ఈ అడవే నెలవు.

ఈ తీరానికి కార్తికం తగదు. ఈ సంగతి ప్రత్యేకంగా గమనించవలసినది, ఎందుకంటే తీరస్నానాలకు జనం ఎక్కువగా వెళ్లేది కార్తిక పౌర్ణమికే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం. 1977 నవంబరు 19న ఈ తీరాన ఉన్న దివిసీమ మీద విరుచుకుపడి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన ఈ కాలంలోనిదే. పైగా చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రమట్టం రోజుకు రెండుసార్లు లేచి, రెండుసార్లు దిగుతుంది. లేవడాన్ని పోటు, దిగడాన్ని ఆటు అంటారు. పౌర్ణమికి, అమావాస్యకు చంద్రసూర్యుల ఆకర్షణ కలిసిపోయి, ఆ ఎత్తుపల్లాల తేడా మిగతా రోజులకన్నా ఎక్కువవుతుంది. అంటే తుపానుల నెలలో, ఆటుపోట్లు ఎక్కువగా ఉండే రోజున, ఈత రాని జనం గుంపుగా నీటిలో దిగుతున్నారన్న మాట. పౌర్ణమి స్నానం విశ్వాసానికి సంబంధించినది. దానిని మోకాలి లోతులో, పోలీసులు, గజఈతగాళ్లు కాపలా ఉన్న చోట ముగించడం క్షేమం. విహారం కోసం, ఆటల కోసం సముద్రానికి వెళ్లేవారు మాత్రం రెండు నెలలు ఆగాలి.

సంక్రాంతి నాటికి తుపానుల బెడద దాదాపుగా తీరిపోతుంది. పగటి వేడి 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, బంగాళాఖాతం నీరు జనవరిలో కూడా ఒంటికి వెచ్చగానే తగులుతుంది. అమెరికాలో మంచు తవ్వుకుంటూ ఉండే తెలుగు జంట సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, వారికి హంసలదీవే అసలైన ఉష్ణమండల విహారం. అయినా నదీముఖం వద్ద ఇసుకతిన్నెలు ఎప్పటికప్పుడు చోటు మారుతుంటాయి. నిన్న నడుము లోతున్న చోట నేడు గొయ్యి ఉండవచ్చు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఒక సన్నని పాయగా కూడి వేగంగా వెనక్కి లాగడం కూడా జరుగుతుంది. దానిని తిరుగుప్రవాహం అనవచ్చు. అందులో చిక్కినవారు తీరం వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. తీరానికి సమాంతరంగా, పక్కకు ఈదితే ఆ సన్నని పాయ దాటి బయటపడతారు. ఎదురీదకూడదు, పక్కకు ఈదాలి. ఈ ఒక్క మాట బృందంలో ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఆ నెలల్లోనే, జనవరి నుంచి మార్చి వరకు, ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు రాత్రిపూట ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి. వెలుతురుకు అవి బెదిరిపోతాయి. వెలుతురునే నమ్ముకొని సముద్రం వైపు పాకే పిల్లలు దీపాల వల్ల దారి తప్పుతాయి. కనుక స్నేహితులతో తీరాన నెగళ్లు వేసుకోవడం, పెద్ద దీపాలు వెలిగించి పాటలు పెట్టుకోవడం అక్కడ మానుకోవాలి. చీకట్లో నిశ్శబ్దంగా, అటవీ సిబ్బంది వెంట దూరం నుంచి చూసే భాగ్యం దొరికితే, ఏ విదేశీ దీవిలోని వినోదమూ దానికి సాటిరాదు.

విదేశాలకు వెళ్లదలచినవారికైనా ఈ సూత్రమే వర్తిస్తుంది. మాల్దీవులకు మన శీతకాలమే పొడికాలం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బాలికి మాత్రం ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడికాలం. కాబట్టి మే సెలవులు తప్ప వేరే వీలులేని జంటలకు బాలి తగినది. ఎక్కడికి వెళ్లినా, టికెట్టు ధర చూసే ముందు అక్కడి కాలం చూడాలి.

వచ్చే కార్తికంలో స్నేహితులతో ఖిల్లా ఎక్కదలచినవారు, సంక్రాంతికి సాగర సంగమం చూడదలచినవారు ఈ మాసమే మాట్లాడుకొని ఏర్పాట్లు మొదలుపెట్టవచ్చు. తీరానికి బయలుదేరే ముందురోజు రేడియోలో వాతావరణ సూచన వినండి; బందరు రేవులో ప్రమాద సూచిక ఎగురవేశారని వింటే ప్రయాణం వాయిదా వేయండి. పడవ దగ్గర అనుమతి పత్రం అడగండి, ఎంతమంది ఎక్కవచ్చో అడగండి, మీ బృందంలో ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ అడగండి. ఇవ్వలేమంటే ఆ పడవ ఎక్కకండి, మీ వెనుక నిలబడినవారిని కూడా ఎక్కనివ్వకండి.